రెండు కళ్ళారా చందమామ

టెలిస్కోపులోకి ఒక కన్ను మూసుకుని చూడటమే మనకు అలవాటు. అయితే ఒకే గొట్టం పట్టిన వెలుగును రెండు కళ్ళకూ పంచే చిన్న పరికరం ఒకటుంది. దాని పేరు బైనోవ్యూయర్. దాన్ని తగిలించి చంద్రుణ్ణి, గురుణ్ణి, శనిని తీరిగ్గా చూసినవాళ్ళకు మళ్ళీ ఒంటికంటికి రావాలంటే మనసొప్పదు. ఆ పరికరం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ అక్కరకొస్తుందో, మన మేడల మీద దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే కథనం ఇది.

1608 అక్టోబరు మొదటివారం. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో పాలక సభ ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. పెట్టినవాడు మిడెల్‌బర్గ్ ఊళ్ళో కళ్ళజోళ్ళు చేసే హాన్స్ లిపర్‌హే. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే గొట్టం తయారుచేశాననీ, దానిమీద హక్కు తనకే ఇమ్మనీ అడిగాడు. సభ్యులు ఆ గొట్టాన్ని పరీక్షించి మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు. దీన్ని రెండు కళ్ళతో చూసేలా చేసివ్వగలవా అని అడిగారు. డిసెంబరు మధ్యకల్లా లిపర్‌హే జంట గొట్టాల పరికరం తెచ్చి చూపించాడు. ఇంకో రెండు చేయమన్నారు. 1609 ఫిబ్రవరిలో అవీ అందాయి. మొత్తం మీద అతనికి 900 గిల్డర్లు ముట్టాయి. ఈ విద్య మరికొందరికీ తెలుసన్న కారణంతో హక్కు మాత్రం దక్కలేదు.

టెలిస్కోపు గురించి దొరుకుతున్న తొలి కాగితాల్లోనే రెండు కళ్ళ కోరిక ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. ఆ మరుసటి ఏడే గెలీలియో ఒంటి గొట్టాన్ని ఆకాశం వైపు తిప్పాడు. చంద్రుడి మీద కొండలు, గురుడి చుట్టూ నాలుగు ఉపగ్రహాలు బయటపడ్డాయి. లోకం ఆ ఒంటి గొట్టం వెంటే నడిచింది. 1645లో రైటా అనే కపూచిన్ సన్యాసి, 1670ల్లో ఫ్రాన్స్‌లో అదే శాఖకు చెందిన షెరుబాఁ జంట టెలిస్కోపుల గురించి రాశారు, చేయించారు. కానీ రెండు గొట్టాలను వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే దిక్కుకు నిలపడం ఆనాటి పనితనానికి మించిన పని. రెండు పెద్ద కటకాలంటే ఖర్చు కూడా రెట్టింపే. అలా ఆకాశ పరిశీలన ఒక కంటి పనిగా స్థిరపడిపోయింది.

మూసిన కన్ను ఊరుకోదు

మేడ మీద టెలిస్కోపు పెట్టి ఇరుగుపొరుగును పిలిచే అలవాటున్నవాళ్ళను అడిగి చూడండి. వరుసలో నిలబడ్డవాళ్ళలో చాలామందికి మొదటి చిక్కు కన్ను మూయడం దగ్గరే వస్తుంది. చిన్నపిల్లలకు ఒక కన్ను మాత్రమే మూయడం రాదు, రెండూ మూసేస్తారు. పెద్దవాళ్ళు వంగి, అరచేత్తో ఒక కన్ను కప్పుకుని, రెండో కంటితో ఐపీసులో వెలుగు ఎక్కడుందో వెతుక్కుంటారు. దొరక్కపోతే “నాకేం ఆనట్లేదు నాయనా, మీరు చూడండి” అని మొహమాటంగా పక్కకు తప్పుకుంటారు. శని వలయాలు చూడాలని మెట్లెక్కి వచ్చిన మనిషి అలా తిరిగి వెళ్ళడం నాకు బాధగా ఉంటుంది. లోపం ఆ మనిషి కంటిలో లేదు, మనం చూడమన్న పద్ధతిలో ఉంది.

అలవాటున్నవాళ్ళకూ ఒంటికన్ను సుఖంగా ఏమీ ఉండదు. ఒక రెప్పను బిగించి ఉంచితే ముఖం ఆ పక్కంతా బిగుస్తుంది. తెరిచిన కన్ను కూడా కొద్దిగా ముడుచుకుంటుంది, కాసేపటికి నీరు కారుతుంది. మూసిన కంటి నుంచి వచ్చే చీకటిని మెదడు పూర్తిగా పక్కన పెట్టలేదు. ఉండుండి ఆ చీకటి, చూస్తున్న బొమ్మ మీదికి వచ్చి పోతుంటుంది. పైగా ప్రతి కంటికీ చూపు మధ్య నుంచి సుమారు 15 డిగ్రీల పక్కన ఒక గుడ్డి మచ్చ ఉంటుంది. దృశ్యనాడి కంటిలోంచి బయటికి వెళ్ళే చోటు అది. మామూలు ఐపీసు చూపే వలయం 50 డిగ్రీల వెడల్పు కాబట్టి ఆ మచ్చ వలయం లోపలే పడుతుంది. రెండు కళ్ళూ తెరిస్తే ఒకదాని మచ్చను మరొకటి పూడ్చుకుంటుంది. నలభై దాటినవాళ్ళకు కళ్ళ ముందు తేలే నలకలు, పోగులు సంగతి తెలుసు. ఎక్కువ పెద్దదనం వాడినప్పుడు ఐపీసు నుంచి వచ్చే కాంతిపుంజం ఒక మిల్లీమీటరు కన్నా సన్నబడి, ఆ నలకలు చంద్రుడి మీద నల్లని దారాలై కనబడతాయి. రెండు కళ్ళలోనూ ఒకే చోట నలక ఉండదు కనుక రెండింటితో చూసినప్పుడు వాటి బెడద చాలా తగ్గుతుంది.

ఇదంతా సౌకర్యం గురించిన మాటే అనిపించవచ్చు. గ్రహాలు చూడటంలో సౌకర్యమే పరిశీలన. గురుడి వెలుగు మన దాకా రావాలంటే కదులుతున్న గాలి పొరలు దాటి రావాలి. అందుకే ఐపీసులో గురుడు ఎప్పుడూ అలలు అలలుగా ఉడుకుతూ కనిపిస్తాడు. మధ్యలో ఎప్పుడో ఒక్క క్షణం గాలి నిలకడ పడుతుంది. అప్పుడు పట్టీల అంచుల్లోని ముడులు, ఎర్రమచ్చ చుట్టూ ఉన్న లేత అంచు స్పష్టంగా తేలి, మళ్ళీ మాయమవుతాయి. ఆ క్షణం వచ్చినప్పుడు మన చూపు అక్కడ ఉండాలి. నాలుగు నిమిషాలకే కన్ను అలసి తల ఎత్తేసేవాడికి అలాంటి క్షణాలు ఎన్ని దొరుకుతాయి? కుర్చీ వేసుకుని, రెండు కళ్ళూ తెరిచి, భుజాలు వదులు చేసి అరగంట కూర్చోగలిగినవాడికి ఎన్ని దొరుకుతాయి? బైనోవ్యూయర్ వెలుగును పెంచదు, బొమ్మను పెద్దది చేయదు. చూసేవాడి ఓపికను పెంచుతుంది. నా దృష్టిలో దాని విలువంతా అక్కడే ఉంది.

వెలుగు పంపకం

ఐపీసు పెట్టే చోట దాన్ని తీసేసి బైనోవ్యూయర్‌ను బిగిస్తారు. లోపల మొదట కాంతిని చీల్చే పట్టకం ఉంటుంది. రెండు గాజు ముక్కల మధ్య సన్నని పూత వేసి అతికించిన ఆ పట్టకం, వచ్చిన వెలుగులో సగాన్ని తనలోంచి పోనిచ్చి మిగతా సగాన్ని పక్కకు తిప్పుతుంది. పెద్ద కాలువ నీటిని తూము దగ్గర రెండు పిల్లకాలువలకు సమంగా వదిలినట్టు. తరువాత మరికొన్ని పట్టకాలు ఆ రెండు పాయలనూ పక్కపక్కనే సమాంతరంగా నిలబెట్టి రెండు ఐపీసుల్లోకి పంపుతాయి. మనిషి మనిషికీ కనుపాపల మధ్య దూరం వేరు కాబట్టి రెండు గొట్టాలనూ దగ్గరికీ దూరానికీ జరుపుకునే వీలుంటుంది. చాలా పరికరాల్లో అది సుమారు 55 నుంచి 75 మిల్లీమీటర్లు. రెండు గొట్టాలకూ ఒకే పొడవు దారి ఉండాలి, ఒకే దిక్కు చూడాలి. తయారీలో కష్టమంతా అక్కడే.

ఇది బైనాక్యులర్స్ కాదన్నది గుర్తుంచుకోవాలి. బైనాక్యులర్స్‌లో ముందు వైపు రెండు కటకాలుంటాయి, ప్రతి కన్నూ తన వాటా వెలుగును తానే పడుతుంది. ఇక్కడ వెలుగు పట్టే అద్దం ఒక్కటే, కళ్ళు మాత్రం రెండు.

అయితే సగం వెలుగు పోయినట్టే కదా అన్నది ఎవరైనా అడిగే ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే. ఒక్కో కంటికి సగం వెలుగంటే నక్షత్రాల భాషలో ముప్పావు మాగ్నిట్యూడ్ తగ్గుదల. 200 మిల్లీమీటర్ల అద్దం ఒక్కో కంటికి 140 మిల్లీమీటర్ల అద్దం పాటి వెలుగే ఇస్తుంది. పట్టకాల్లో పోయేది ఇంకొంత. ఇక్కడితో లెక్క ఆపేస్తే ఈ పరికరం దండగ అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు.

మిగతా లెక్క మెదడులో ఉంది. 1965లో క్యాంప్‌బెల్, గ్రీన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచారు. సన్నని గీతల్లో వెలుగునీడల తేడాను గుర్తుపట్టడంలో ఒక కంటికన్నా రెండు కళ్ళు సుమారు 1.4 రెట్లు మెరుగని నేచర్ పత్రికలో ప్రకటించారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కన్ను పంపే సంకేతంలో ఎప్పుడూ కొంత కల్తీ ఉంటుంది. రెండు కళ్ళ కల్తీలకు ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. రెండింటినీ మెదడు కలిపినప్పుడు అసలు బొమ్మ రెట్టింపవుతుంది, కల్తీ మాత్రం రెట్టింపు కాదు, రెండు యొక్క వర్గమూలమంతే పెరుగుతుంది. ఆ 1.4 వచ్చింది అక్కడినుంచే.

ఇప్పుడు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టండి. చంద్రుడు, గురుడు, శుక్రుడు, అంగారకుడు వెలుగుకు కొదవలేనివి. అంత వెలుగులో సగం తగ్గినా కంటి చురుకుదనం పెద్దగా తగ్గదు. కాబట్టి రెండు కళ్ళ లాభం దాదాపు పూర్తిగా మనకే మిగులుతుంది. పెద్ద టెలిస్కోపులో పున్నమి చంద్రుణ్ణి చూస్తే కళ్ళు జిగేలుమంటాయి, అక్కడ సగమవడం వరమే. మసక గెలాక్సీల కథ వేరు. అంత తక్కువ వెలుగులో కంటి చురుకుదనం వెలుగుతోపాటే పడిపోతుంది. సగం చేయడం వల్ల పోయినదాన్ని రెండు కళ్ళు కలిసి తిరిగి తెచ్చినా, పట్టకాల్లో పోయినది పోయినట్టే. అందుకే ఉండీ లేనట్టుండే గెలాక్సీ కోసం వెతికేటప్పుడు బైనోవ్యూయర్ తీసి పక్కన పెట్టడం మంచిది. ఒక పరికరం దేనికి పనికిరాదో తెలుసుకుంటేనే అది పనికొచ్చే చోట దాన్ని నమ్మగలం.

బేగంపేట ఉక్కపోతలో ఒక కన్ను

ఖగోళం కంటే ముందే ఈ ఉపాయం సూక్ష్మదర్శినిలో ఇమిడింది. 1850ల మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో రిడెల్ అనే ఆచార్యుడు ఒకే వస్తుకటకం వెనుక పట్టకాలు పెట్టి రెండు కళ్ళ సూక్ష్మదర్శిని చేశాడు. 1860 ప్రాంతంలో ఇంగ్లండులో వెన్‌హామ్ అమర్చిన పట్టకం దాన్ని మరింత వాడుకలోకి తెచ్చింది. ఇవాళ మన రక్తపరీక్ష కేంద్రాల్లో రోజంతా స్లైడ్లు చూసే టెక్నీషియన్ల ముందున్న సూక్ష్మదర్శినికి రెండు ఐపీసులు ఉంటాయి. లోపలి పనితీరు బైనోవ్యూయర్‌దే.

ఆ సుఖం లేని రోజుల్లో, సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆయన వాడింది ఒంటికన్ను సూక్ష్మదర్శిని. కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా వేసుకునే వీలు కూడా లేదు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయనీ, మిగిలిన ఒక్క ఐపీసు పగిలిందనీ ఆయనే తరువాత రాసుకున్నాడు. ఆ ఉక్కపోతలో, గంటల తరబడి ఒక కంటితో. ఆ కష్టాన్ని ఎంత గౌరవించినా తక్కువే. అలాంటి కష్టం లేకుండా చూసే దారి వైద్య ప్రయోగశాలల్లోకి వచ్చి ఇన్నేళ్ళయింది. టెలిస్కోపులు కొంటున్న మన కుర్రాళ్ళలో చాలామందికి అది ఇంకా తెలియదు.

లోతు ఎక్కడినుంచి వస్తుంది?

బైనోవ్యూయర్‌లో మొదటిసారి చంద్రుణ్ణి చూసినవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: “గుండ్రంగా ఉన్నాడు!” పళ్ళెంలా అతికించినట్టుండే చంద్రుడు ఒక్కసారిగా గోళమై శూన్యంలో వేలాడుతున్నట్టు అనిపిస్తాడు. ఇది నిజమైన లోతు కాదు. మన రెండు కళ్ళ మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లు, చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రెండు కళ్ళ చూపులో తేడా వచ్చే ప్రసక్తే లేదు. పైగా రెండు ఐపీసుల్లోకీ వెళ్ళేది ఒకే అద్దం పట్టిన ఒకే బొమ్మ.

మరి ఆ లోతు ఎందుకు? ఒక కారణం ఐపీసుల్లోని వలయపు అంచులు. అవి రెండూ బొమ్మతో పోలిస్తే రవ్వంత అటూ ఇటూ జరిగి ఉంటే, చంద్రుడు ఆ కిటికీకి వెనకో ముందో ఉన్నట్టు మెదడు అర్థం చేసుకుంటుంది. ఇంకొకటి రంగులు. కంటి కటకం ఎరుపునూ నీలాన్నీ ఒకే మేర వంచదు. రెండు కళ్ళూ తెరిచినప్పుడు ఈ తేడా వల్ల కొందరికి ఎరుపు దగ్గరగా, నీలం దూరంగా అనిపిస్తుంది, కొందరికి తిరగేసి అనిపిస్తుంది. హంస మండలంలోని ఆల్బిరియో జంట తారలు, ఒకటి పసిడిరంగు, ఇంకొకటి నీలం. వాటిని రెండు కళ్ళతో చూస్తూ ఏది ముందుందో మీరే తేల్చుకోండి. నీడలు, వెలుగు మెల్లగా తగ్గే తీరు కూడా లోతును సూచించేవే. రెండు కళ్ళూ పనిలో ఉన్నప్పుడు మెదడు ఆ సూచనలను ఎక్కువ నమ్ముతుందని నాకనిపిస్తుంది.

చంద్రుడి నిజమైన లోతును చూపే దారి ఒకటి పందొమ్మిదో శతాబ్దంలోనే దొరికింది. రెండు కళ్ళ తేడానే లోతు చూపిస్తుందని 1838లో ఛార్లెస్ వీట్‌స్టన్ నిరూపించాడు. చంద్రుడు మనవైపు ఎప్పుడూ ఒకే ముఖం పెట్టినా, ఆ ముఖం నెల పొడుగునా సుమారు ఎనిమిది డిగ్రీల వరకు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని లిబ్రేషన్ అంటారు. ఊగుడులో వేర్వేరు కొసల దగ్గర, ఒకే కళలో తీసిన రెండు ఫొటోలను జంటగా అమర్చి 1850ల చివర్లో వారెన్ డి లా రూ చంద్రుడి స్టీరియో బొమ్మలు తయారుచేశాడు. ఒక పెద్ద రాక్షసుడు లక్ష కిలోమీటర్లకు పైనున్న కళ్ళ ఎడంతో చూస్తే ఎలా ఉంటాడో అలాంటి చంద్రుడు వాటిలో ఉన్నాడు.

మేడ మీద పని

మన దగ్గర ఎక్కువగా కనిపించేది డాబ్సన్ బల్ల మీద కూర్చునే అద్దాల టెలిస్కోపు. బైనోవ్యూయర్‌తో మొదటి గొడవ దానికే. పట్టకాల్లోంచి నడిచే దారి వల్ల వెలుగుకు అదనంగా సుమారు 10 సెంటీమీటర్లు కావాలి. అద్దం బొమ్మ కట్టే చోటు గొట్టానికి అంత బయటికి రాదు. ఫోకసర్‌ను ఎంత లోపలికి తిప్పినా బొమ్మ మసకగానే ఉండిపోతుంది. దీనికి అందరూ చేసేది బైనోవ్యూయర్ ముక్కుకు ఒక బార్లో కటకం బిగించడం. అది బొమ్మను బయటికి నెడుతుంది. ఐపీసుకు దూరం పెరిగేకొద్దీ బార్లో బలం కూడా పెరుగుతుంది కనుక, రెండు రెట్లని రాసి ఉన్న బార్లో ఇక్కడ మూడు రెట్ల పైనే పనిచేస్తుంది. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న 200 మిల్లీమీటర్ల టెలిస్కోపులో 25 మిల్లీమీటర్ల ఐపీసుల జంట మామూలుగా 48 రెట్లు చూపాలి. బార్లోతో అది 150 దాటుతుంది. చంద్రుడికీ గ్రహాలకూ అది చక్కని పెద్దదనం. విశాలమైన తారామేఘాలకు మాత్రం పనికిరాదు. ష్మిట్-కాస్సెగ్రెయిన్ రకం టెలిస్కోపుల్లో వెనక అద్దమే జరుగుతుంది కాబట్టి ఈ చిక్కు ఉండదు.

ఐపీసులు రెండూ అచ్చంగా ఒకే రకం ఉండాలి. టెలిస్కోపుతో వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీసు మంచిదైతే అలాంటిదే ఇంకొకటి కొనుక్కోవడం అన్నింటికన్నా చవకైన దారి. మరీ లావుపాటి ఐపీసులు వద్దు, రెండింటి మధ్య ముక్కు పట్టదు. చవకరకం బైనోవ్యూయర్లలో లోపలి దారి వెడల్పు 20 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. వెడల్పు ఐపీసు పెట్టినా అంచులు చీకటి పడతాయి. వేలల్లో దొరికేవీ ఉన్నాయి, లక్ష దాటే జర్మన్ పరికరాలూ ఉన్నాయి. మొదలుపెట్టేవాళ్ళకు మొదటిరకం చాలు.

వాడే తీరు ఒకసారి చేతికి అలవాటైతే మరిచిపోరు. ముందు ఒక ఐపీసే పెట్టి, ఆ కంటితో టెలిస్కోపు ఫోకసర్‌ను సరిచేయాలి. రెండో ఐపీసు పెట్టి, రెండో కంటికి ఆ ఐపీసు మెడ దగ్గరున్న తిరుగుడుతో సరిచేయాలి, ఫోకసర్ ముట్టుకోకూడదు. ఆపైన గొట్టాలను మెల్లగా జరుపుతూ రెండు వలయాలు ఒక్కటయ్యే చోట ఆపాలి. కళ్ళు దగ్గరి వస్తువును చూస్తున్నట్టు లోపలికి తిరగకుండా, ఎదురుగా దూరాన ఉన్న కొండను చూస్తున్నట్టు వదిలేయాలి. బొమ్మలు కలవకపోతే ముందు ఐపీసులను వాటి గూళ్ళలో కొద్దిగా తిప్పి చూడండి. బిగించే మర ఒక పక్కనుంచి తోస్తే ఐపీసు ఒరుగుతుంది. బొమ్మలు పక్కలకు కాస్త ఎడమైనా కళ్ళు సర్దుకుంటాయి, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతే సర్దుకోలేవు, తలనొప్పి వస్తుంది. ఎన్నిసార్లు సర్దినా అలాగే ఉంటే పరికరాన్ని అమ్మినవాళ్ళకు తిరిగి ఇచ్చేయడమే మేలు. మెల్లకన్ను ఉన్నవాళ్ళకు, చిన్నప్పటినుంచీ ఒక కన్ను మందగించినవాళ్ళకు బొమ్మలు కలవకపోవచ్చు. అయిదారేళ్ళ పిల్లల కళ్ళ ఎడం చాలా పరికరాలకు అందదు. వాళ్ళకోసం ఒంటి ఐపీసు పక్కన ఉంచుకోవాలి.

పరికరం బరువుకు డాబ్సన్ గొట్టం ముందుకు వాలుతుంది. వెనక భాగానికి రెండు అయస్కాంతాలు అంటిస్తే నిలబడుతుంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు పొద్దుపోయాక వేడి వదులుతుంది. ఏసీ యంత్రాల పైనుంచి చూసే చూపు ఎప్పటికీ నిలకడ పడదు. చెట్లున్న పెరడు మేడ కన్నా మెరుగు. సూర్యుడి మచ్చలు చూడాలంటే గొట్టం ముందు వైపు సరైన సౌర ఫిల్టరు ఉండి తీరాలి. బైనోవ్యూయర్ వెలుగును సగం చేస్తుంది కదా అని ఫిల్టరు లేకుండా చూస్తే ఒకటి బదులు రెండు కళ్ళూ పోతాయి.

మన అక్షాంశం చేసిన మేలు

బైనోవ్యూయర్ల గురించిన అనుభవాలు ఎక్కువగా లండన్, బెర్లిన్ వైపు నుంచి వస్తాయి. వాళ్ళకు గ్రహాలు కొన్నేళ్ళపాటు దక్షిణాన చెట్ల మీదే ఉండిపోతాయి, మందమైన గాలిలోంచి చూడక తప్పదు. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. సూర్యుడి దారి ఎంత దక్షిణానికి దిగినా, అక్కడున్న గ్రహం మన మధ్యాకాశ రేఖ దాటేటప్పుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. కొన్ని నెలల్లో చంద్రుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. ఊరి దీపాల వెలుగు చంద్రుణ్ణీ గ్రహాలనూ పాడుచేయలేదు. బైనోవ్యూయర్ బాగా పనిచేసేది వాటి మీదే. నగరంలో ఉండి ఆకాశం పోయిందని దిగులుపడేవాళ్ళకు ఇంతకన్నా తగిన పరికరం నాకు కనబడలేదు. 2027 ఫిబ్రవరిలో గురుడు, అంగారకుడు ఇద్దరూ కొద్దిరోజుల తేడాతో సూర్యుడికి ఎదురుగా వస్తారు, రాత్రంతా ఆకాశంలోనే ఉంటారు.

ఊరికి దూరంగా వెళ్ళగలిగితే వేసవి సాయంత్రాల్లో ఒమెగా సెంటారీని వదలకండి. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ నక్షత్ర గుచ్ఛం యూరప్‌లో చాలాచోట్ల ఉదయించనే ఉదయించదు. తిరుపతి వైపు దక్షిణాన దాదాపు 29 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. రెండు కళ్ళకూ సరిపోయేంత వెలుగు దానికుంది. వేల చుక్కలు ముందొకటి వెనకొకటిగా ఉన్నట్టు కనబడతాయి.

గోడ మీది పంచాంగం

ఇక చంద్రుడు. ఏ రోజు ఏం చూడాలో చెప్పే పుస్తకం మన ఇళ్ళలో గోడకే వేలాడుతోంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణంలో 12 డిగ్రీలు. చంద్రుడి మీద సూర్యోదయం జరిగే గీత కూడా రోజుకు సుమారు 12 డిగ్రీల చొప్పునే జరుగుతుంది. అమావాస్యనాడు తూర్పు అంచున బయల్దేరి, అష్టమి నడుమ సరిగ్గా మధ్యకు చేరి, పున్నమికి పడమటి అంచు తాకుతుంది. కొండల నీడలు పొడుగ్గా పడేది ఆ గీత దగ్గరే. అంటే ప్రతి తిథికీ చంద్రుడి మీద ఒక నిలువు పట్టీ రాసిపెట్టి ఉంది. లిబ్రేషన్ వల్ల ఒక్కోసారి కొంచెం ముందువెనకలవుతుంది, అంతే.

శుద్ధ షష్ఠికి థియోఫిలస్ బిలంలో తెల్లవారుతుంది. వంద కిలోమీటర్ల వెడల్పు, మధ్యలో శిఖరాల గుంపు. అష్టమికి ఆల్ప్స్ కొండలను చీల్చుకుని పోయే 166 కిలోమీటర్ల లోయ, ఐదు కిలోమీటర్లకు మించి లేచే శిఖరాలతో అపెనైన్ పర్వతాలు. లోయ అడుగున ఒక కిలోమీటరు కూడా వెడల్పులేని కాలువ ఒకటుంది. అది కనబడాలంటే గాలి నిలకడ పడే క్షణం కోసం కాచుకోవాలి. నవమికి ప్లేటో, టైకో, సరళ కుడ్యం. ఈ కుడ్యం 110 కిలోమీటర్ల పొడుగున నేల కుంగిన చోటు, నీడ పడి నల్లని గీతగా ఉంటుంది. దశమికి కోపర్నికస్. 93 కిలోమీటర్ల వెడల్పు, దాదాపు నాలుగు కిలోమీటర్ల లోతు. రెండు కళ్ళతో చూస్తే ఆ గోడల మెట్లు ఒకదాని కింద ఒకటి దిగిపోతుంటాయి. ద్వాదశికి మెరిసే అరిస్టార్కస్.

పున్నమి దాటాక ఇదే వరుస మళ్ళీ నడుస్తుంది, ఈసారి అస్తమయాలతో. శుద్ధ దశమికి తెల్లవారిన కోపర్నికస్‌లో బహుళ దశమికి పొద్దు గుంకుతుంది. శుద్ధ నవమి నాటి నల్లని సరళ కుడ్యం బహుళ అష్టమికి తెల్లని గీతవుతుంది, ఎందుకంటే ఇప్పుడు వెలుగు దాని ముఖం మీద పడుతోంది. తెల్లవారుజామున లేవగలిగినవాళ్ళకు ఇది రెండో పండగ.

సప్తమిని చివరికి ఉంచాను. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్, ఆగస్టు 23 సాయంత్రం దిగింది. ఆనాడు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. సూర్యరశ్మితో నడిచే విక్రమ్‌కు పద్నాలుగు రోజుల పగలు పూర్తిగా దొరకాలంటే, దిగే చోట పొద్దు పొడిచిన వెంటనే దిగాలి. అందుకే ఆ రోజు. కాబట్టి ఏ శుద్ధ సప్తమి సాయంత్రం చూసినా, ఆ చోటు మీద దాదాపు ఆనాటి వెలుగే ఉంటుంది. థియోఫిలస్ దగ్గర మొదలుపెట్టి నేరుగా దక్షిణపు అంచు వైపు వెళ్ళండి. ఒకదానిమీద ఒకటి పడిన బిలాల గుంపు దాటాక, అంచుకు దగ్గరగా 98 కిలోమీటర్ల వెడల్పుతో, చదునైన అడుగుతో మాంజినస్ కనిపిస్తుంది. మనకు ఏటవాలుగా ఆనుతుంది కనుక కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. విక్రమ్ దిగిన, శివశక్తి అని పేరు పెట్టిన స్థలం దాని గోడకు బయట, ఆగ్నేయ దిక్కున ఉంది. 200 మిల్లీమీటర్ల టెలిస్కోపు చంద్రుడి మీద ఒక కిలోమీటరుకు తక్కువైనదాన్ని విడదీసి చూపలేదు, విక్రమ్ ఎంత వెతికినా కనబడదు. లిబ్రేషన్ దక్షిణ ధ్రువాన్ని మనవైపు వంచిన నెల ఎంచుకుంటే ఆ ప్రాంతం అంచు నుంచి కొంచెం లోపలికి వస్తుంది. ఆకాశ పటాలు చూపే మొబైల్ ఆప్‌లు ఆ వివరం చెబుతాయి. 150 రెట్ల దగ్గర మొదలుపెట్టండి, గాలి ఒప్పుకుంటే 200 దాకా వెళ్ళండి, కుర్చీ మాత్రం మరవకండి.